ఉబ్బలమడుగు కోనలో చివరి జలపాతం దాకా నడవాలంటే

మీరు అడిగింది ఇదీ: చెన్నైలో ఉద్యోగాలు చేసుకుంటున్న ఐదుగురు పెద్దవాళ్ళు, వాళ్ళతో తొమ్మిదేళ్ళ బాబు. నవంబరు రెండో వారంలో ఒక ఆదివారం ఉబ్బలమడుగు వెళ్ళి, వాగు వెంబడి పైదాకా నడిచి, చివరి జలపాతం కింద స్నానం చేసి, చీకటి పడేలోపు బయల్దేరి ఇల్లు చేరాలి. వీడియోల్లో అందరూ ఈజీ ట్రెక్ అంటున్నారు, నిజమేనా, బాబును తీసుకెళ్ళొచ్చా అని.

ముందు జవాబు చెప్పేస్తాను. నవంబరు రెండో వారం వద్దు, డిసెంబరు ఆఖరుకో జనవరికో మార్చుకోండి. వీలైతే ఆదివారం కూడా వద్దు. బాబును తీసుకెళ్ళండి గానీ పైదాకా వద్దు. స్నానం చేయండి గానీ చివరి మడుగులో వద్దు. ఇన్ని వద్దులు ఎందుకో కింద చెప్తాను. కారణం తెలియకపోతే ఎవరూ వినరు. నా వయసు పాతికప్పుడు నేనూ వినలేదు.

నాది తిరుపతి. ఇరవై ఏళ్ళకు పైగా ఈ చుట్టుపక్కల కోనల్లో తిరుగుతున్నాను. ఉబ్బలమడుగుకు ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క పెట్టుకోలేదు గానీ, పై జలపాతం చూడకుండా వెనక్కి వచ్చిన సందర్భాలు మాత్రం ఒక్కొక్కటీ గుర్తున్నాయి.

చెన్నైవాళ్ళు తడ ఫాల్స్ అంటారు గానీ జలపాతం తడలో లేదు. తడ దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి దిగి, శ్రీసిటీ మీదుగా పడమటికి వరదయ్యపాలెం వెళ్ళి, అక్కడి నుంచి కొండల అంచుకు చేరాలి. ఒకప్పుడు చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. సొంత బండి లేకపోతే సూళ్ళూరుపేట వెళ్ళే లోకల్ రైలు తడలో ఆగుతుంది. అయితే ఆటోను వెళ్ళడానికీ రావడానికీ కలిపి ముందే మాట్లాడుకోవాలి. సాయంత్రం అడవి అంచున నిలబడి ఆటో దొరుకుతుందిలే అనుకుంటే దొరకదు. అటవీ శాఖ గేటులో టికెట్టు తీసుకోవాలి. సంచులు కూడా చూస్తారు. వానల తర్వాత కొన్నిసార్లు లోపలికి పంపరు. పంపకపోతే వాళ్ళతో వాదించకండి, పక్కదారి ఏదైనా ఉందా అని ఊళ్ళో అడక్కండి. ఊళ్ళో ఎవరో ఒకరు చూపిస్తారు, అదే ప్రమాదం.

ఇక్కడ 'కోన' అనే మాట గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే అసలు సంగతంతా అందులోనే ఉంది. మా వైపు కోన అంటే రెండు కొండల మధ్య ఇరుకుగా సాగే లోయ, దాని అడుగున వాగు. తలకోన, కైలాసకోన, ఈ ఉబ్బలమడుగు ఉన్న సిద్ధులయ్య కోన, అన్నీ అలాంటివే. కొండ ఎక్కే ట్రెక్‌లో దారి వేరు, నీళ్ళు వేరు. కోనలో అలా కాదు. పైకి పోయేకొద్దీ రెండు పక్కలా బండ గోడలు దగ్గరికి వస్తాయి, కాలిబాట పోతుంది, వాగే దారి అవుతుంది. ఒకసారి కుడి గట్టున, ఇంకోసారి ఎడమ గట్టున, మధ్యలో నీళ్ళలోంచి. అంటే పొద్దున మీరు ఎనిమిది సార్లు వాగు దాటి పైకి వెళ్ళారనుకోండి, తిరిగి రావడానికి మళ్ళీ ఎనిమిది సార్లు దాటాలి. మధ్యలో వాగు పెరిగిందా, మీరు పై పక్కన ఉండిపోయినట్టే.

అందుకే నవంబరు వద్దన్నాను. మన తూర్పు కనుమల ఈ కొసకు, అంటే నెల్లూరు, తిరుపతి, చెన్నై ప్రాంతానికి, అసలు వాన జూన్‌లో రాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిందంటే ఒక్క రాత్రిలో కుండపోతే. 2021 నవంబరులో తిరుపతి మునిగింది గుర్తుందా? ఆ 18వ తేదీన కపిలతీర్థం దగ్గర నీళ్ళు ఎలా దూకాయో, తిరుమల ఘాట్ రోడ్డు మీదికి రాళ్ళూ మట్టీ ఎలా జారిపడ్డాయో దేశమంతా టీవీల్లో చూసింది. మాకు ఇంటి దగ్గర ఒక గుర్తు ఉంది. వానల్లో అలిపిరి వైపు నుంచి చూస్తే మాల్వాడి గుండం జలపాతం తెల్లగా దూకుతూ కనిపిస్తుంది. అది కనిపిస్తున్నన్ని రోజులూ నేను ఏ కోనలోకీ దిగను. మీకు చెన్నైలో ఆ సౌకర్యం లేదు కాబట్టి వాతావరణ శాఖ సైటులో చెన్నై, శ్రీహరికోట రాడార్ చిత్రాలు చూడండి. బయల్దేరే పొద్దునే కాదు, అంతకు ముందు రెండు రోజులూ చూడాలి. ఇంటి దగ్గర ఎండ ఉందా లేదా అన్నది కాదు ప్రశ్న. పడమటి కొండల మీద మబ్బు ఉందా అన్నది ప్రశ్న. మీ నెత్తిన ఒక్క చినుకు పడకుండానే పైన పడిన వాన మీ కాళ్ళ దగ్గరికి వస్తుంది.

అది ఎలా వస్తుందో ఒకసారి కళ్ళారా చూశాను. పదమూడేళ్ళ కింద, నవంబరు చివర్లో, నలుగురం. పైన ఎండ కాస్తోంది. వాగు మధ్యలో పెద్ద బండ మీద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పాం. మాలో ఒకాయన చెయ్యి కడుక్కోవడానికి వంగి, "నీళ్ళు టీ రంగులోకి వచ్చాయేంటి?" అన్నాడు. నిజానికి అంతకు ముందే ఎండుటాకులు, పుల్లలు గుంపుగా కొట్టుకొచ్చాయి, నేను చూశాను కూడా, గాలికి రాలాయిలే అనుకున్నాను. పొట్లాలు వదిలేసి గట్టు ఎక్కాం. మేము కూర్చున్న బండ మునగడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. శబ్దం కూడా మారిపోయింది. అప్పటిదాకా గలగల, ఆ తర్వాత లోపలెక్కడో రాళ్ళు దొర్లుతున్న దబదబ. మూడు గంటలకు పైగా ఆ గట్టు మీదే ఉన్నాం. అవతలి గట్టుకు ఐదారు మీటర్లు ఉంటుందేమో. దాటేద్దామని మాలో ఇద్దరు పట్టుబట్టారు. అడ్డుకోవడానికి తిట్టాల్సి వచ్చింది. వాళ్ళలో ఒకాయన ఆ తర్వాత నాతో ఏడాది మాట్లాడలేదు, అది వేరే కథ.

కాబట్టి గుర్తులు ఇవి: నీళ్ళ రంగు మారడం, చెత్త కొట్టుకురావడం, శబ్దం బరువెక్కడం, వచ్చేటప్పుడు పొడిగా చూసిన రాయి ఇప్పుడు తడిసి ఉండటం. ఈ చివరిదాని కోసం నేను ప్రతి దాటే చోటా ఒక రాయిని గుర్తు పెట్టుకుంటాను, నీళ్ళు దాని మీద ఎక్కడిదాకా ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీస్తాను. అరగంటకొకసారి పోల్చుకుంటాను. పెరుగుతుంటే ఇక చర్చ లేదు, వెనక్కి. వెనక్కి రావడానికి కూడా ఆలస్యమైపోతే ఎత్తైన గట్టు ఎక్కి కూర్చోవాలి. ఈ చిన్న వాగులు ఎంత వేగంగా పెరుగుతాయో వాన ఆగితే దాదాపు అంత వేగంగానే తగ్గుతాయి. ఆకలితో కూర్చోవడం వల్ల ఎవరూ చనిపోరు. మోకాలి లోతు ఉన్నా వేగంగా పారే నీళ్ళు మనిషిని పడగొడతాయి. నీటి వేగం రెట్టింపు అయితే కాళ్ళ మీద తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. పొద్దున సులువుగా దాటిన చోటు మధ్యాహ్నం పడేయడానికి నీళ్ళు రెట్టింపు లోతు కానక్కర్లేదు.

మామూలు రోజుల్లో వాగు దాటడం కష్టమేం కాదు, పద్ధతి ఉంటే చాలు. ఇరుకు చోట దాటాలనిపిస్తుంది, దూరం తక్కువ కాబట్టి. కానీ ఇరుకు చోటే లోతూ వేగమూ ఎక్కువ. వెడల్పుగా, అడుగు రాళ్ళు కనిపించే చోట దాటండి. నీళ్ళు వచ్చే వైపుకు తిరిగి, చేతికర్రతో మూడో కాలు వేసుకుని, పక్కకి పక్కకి జరగండి. సంచి నడుము బెల్టు విప్పేయండి, పడితే సంచి పోవాలి గానీ మీరు పోకూడదు. రాయి మీంచి రాయి మీదికి దూకొద్దు. తెల్లగా పొడిగా ఉన్న రాయిని నమ్మొచ్చు, నల్లగా నిగనిగలాడేదాన్ని నమ్మకూడదు, దాని మీద నాచు ఉంటుంది. నాచు బండ మీద ఖరీదైన ట్రెక్కింగ్ బూట్లు కూడా జారతాయి. పాత సాక్సులు ఒక జత ఎక్కువ తీసుకెళ్ళి, మరీ జారుడుగా ఉన్న చోట బూట్ల మీదే తొడుక్కోండి. చూడ్డానికి నవ్వొస్తుంది గానీ పట్టు బాగుంటుంది. చెప్పులతో మాత్రం రావొద్దు. తెగిన చెప్పు చేతిలో పట్టుకుని కుంటుతూ దిగేవాళ్ళు ప్రతి ఆదివారం కనిపిస్తారు.

ఇక దారి సంగతి. మొదటి భాగం నిజంగానే ఈజీ. చెట్ల నీడ, చదునైన బాట, సిద్ధేశ్వరుడి గుడి, చిన్న చిన్న నీటి గుంటలు. శివరాత్రికి ఊళ్ళకు ఊళ్ళు కదిలి వచ్చేది ఇక్కడికే. వీడియోలు తీసేవాళ్ళలో సగం మంది ఇక్కడే తీస్తారు. గుడి దాటాక రాళ్ళు మొదలవుతాయి. మొదట తలకాయంత, తర్వాత గంపంత, ఆపైన కారంత. చేతులతో పట్టుకుని ఎక్కాల్సినవి, రెండు బండల సందులోంచి దూరాల్సినవి, నీళ్ళలో నానుతూ పోవాల్సినవి. ఈ భాగంలో కిలోమీటర్లు లెక్క వేయకండి. కొత్తవాళ్ళున్న గుంపు గంటకు ఒక కిలోమీటరు కదిలితే బాగా నడిచినట్టే. దిగడానికి తక్కువ టైము పడుతుందనుకోవద్దు. ఎక్కేటప్పుడు రాయి ముఖానికి ఎదురుగా ఉంటుంది, దిగేటప్పుడు కాలు ఎక్కడ పెట్టాలో కనిపించదు, మోకాళ్ళు అప్పటికే వణుకుతుంటాయి. నేను చూసిన చీలమండ బెణుకుల్లో ఎక్కువ భాగం మధ్యాహ్నం తర్వాత, దిగేటప్పుడే.

అందుకని టైము ఒకటి ముందే కట్టుకోండి. పొద్దున గేటు తెరిచేసరికి అక్కడ ఉండాలి. మధ్యాహ్నం 12.30 అయిందంటే ఎక్కడున్నా తిరగాలి, జలపాతం శబ్దం వినిపిస్తున్నా సరే. చలికాలం మా వైపు ఐదున్నర దాటాక పొద్దు గూకుతుంది గానీ కోనలో నాలుగున్నరకే మసక, ఎందుకంటే ఎండ కొండ గోడ వెనక్కి పోతుంది. ఫోన్ సిగ్నల్ లోపల ఉండదు. ఫోన్ లైటుతో తడి బండలు దిగడం ఎలా ఉంటుందో అనుభవించాలని లేకపోతే ఈ 12.30 గీత దాటొద్దు. ఈ టైము కారులోనే, అందరి ముందూ చెప్పి ఒప్పించుకోండి. పైకి వెళ్ళాక ఒప్పించడం ఎవరి వల్లా కాదు.

మడుగుల గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ కోనల్లో ప్రాణాలు పోయేది నడకలో కాదు, స్నానంలో. కొండ మీంచి పడి చనిపోయేవాళ్ళకన్నా నిలకడగా, పచ్చగా, అందంగా కనిపించే నీళ్ళలో మునిగిపోయేవాళ్ళే ఎక్కువని ఇక్కడి ఎవరినడిగినా చెప్తారు. చాలామందికి ఈత వచ్చి ఉంటుంది కూడా. ఈత వస్తే ఎందుకు మునుగుతారు?

ఒకటి, నురగ. జలపాతం పడే చోట నీళ్ళు తెల్లగా ఉంటాయి కదా, అందులో సగం గాలే. గాలి కలిసిన నీళ్ళు మనిషిని తేల్చవు. చెయ్యి కొట్టినా పట్టు దొరకదు. పైగా పడిన నీళ్ళు అడుగుకు పోయి, దూరంగా పైకి లేచి, మళ్ళీ ధార వైపుకే తిరుగుతాయి. అంటే ధార దగ్గరికి వెళ్ళినవాడిని ఉపరితలం మీది నీళ్ళు ధార కిందికే లాగుతాయి. రెండు, అడుగు. మడుగు అంచు నుంచి రెండడుగులు మోకాలి లోతు ఉంటుంది, మూడో అడుగుకు ఏమీ ఉండదు. తొట్టిలా కోసుకుపోయిన బండ అది, మెల్లగా లోతయ్యే చెరువు కాదు. దాని అంచంతా నాచు, పట్టుకోవడానికి గరుకు ఉండదు. మూడు, చలి. ఎండ తగలని నీళ్ళలోకి చెమట పట్టిన ఒంటితో దూకితే ఒక్కసారిగా ఊపిరి ఎగపీలుస్తాం, అదే క్షణంలో తల నీళ్ళలో ఉంటే అంతే సంగతి. పిక్కలు పట్టేయడం సరేసరి, అప్పటికే మూడు గంటలు రాళ్ళెక్కిన కాళ్ళు. నాలుగు, పోయినేడు దూకిన చోటే దూకడం. ప్రతి వానకూ రాళ్ళు కదులుతాయి. పోయిన డిసెంబరులో ఇరవై అడుగుల లోతున్న చోట ఈ డిసెంబరులో నీళ్ళ కింద మూడడుగుల్లో బండ ఉండొచ్చు. ఐదోది మందు. దాని గురించి వివరించక్కర్లేదనుకుంటాను.

కాబట్టి స్నానం ఎక్కడ చేయాలంటే, మధ్య దారిలో అడుగు కనిపించే, నడుము లోతు దాటని, కింద జారుడు ధార లేని గుంటల్లో. అలాంటివి చాలా ఉన్నాయి. చివరి జలపాతాన్ని గట్టున కూర్చుని చూడండి. ధార కింద తల పెట్టాలని అందరికీ ఉంటుంది. పైనుంచి నీళ్ళొక్కటే రావు, నిమ్మకాయంత రాయి అంత ఎత్తు నుంచి వచ్చి తల మీద పడితే ఏమవుతుందో ఆలోచించండి. మీ ఐదుగురిలో ఒకరు ఎప్పుడూ బయటే ఉండాలి, వంతులవారీగా, ఫోన్ చూసుకోకుండా. మునిగేవాడు సినిమాల్లోలాగ కేకలు పెట్టడు. నోరు నీళ్ళ మట్టానికి ఉన్నవాడికి అరవడానికి ఊపిరి ఉండదు. తల వెనక్కి వాల్చి, నిటారుగా, నిశ్శబ్దంగా ఉంటే అదే ప్రమాదం.

మునుగుతున్నవాడి కోసం దూకొద్దు. ఒకరి కోసం ఇంకొకరు దూకి ఇద్దరూ పోయిన వార్తలు ప్రతి ఏడాదీ చదువుతూనే ఉంటాం. దీనికి నేను మోసుకెళ్ళే సామాను చాలా చవక: ఐదు లీటర్ల ఖాళీ నీళ్ళ క్యాను, మూత బిగించి, పిడికి పదిహేను మీటర్ల నైలాన్ తాడు. లోపల ఒక గ్లాసు నీళ్ళు ఉంచితే విసరడానికి బరువుగా ఉంటుంది. అదీ లేకపోతే లుంగీలు, చున్నీలు ముడేయండి. విసిరాక గట్టున పడుకుని లాగాలి, నిలబడి లాగితే విసిరినవాడినీ నీళ్ళలోకి లాగేస్తారు. బయటికి తీశాక పొట్ట నొక్కడం, తలకిందులుగా పట్టుకుని ఊపడం చేయొద్దు, ఆ నీళ్ళు కక్కించే ప్రయత్నంలోనే టైము పోతుంది. ఊపిరి లేకపోతే ముందు నోట్లో నోరు పెట్టి ఐదుసార్లు ఊపిరి ఊదండి, తర్వాత గుండె మీద 30 నొక్కులు, రెండు ఊపిర్లు, అలా ఆపకుండా. మీలో కనీసం ఇద్దరు ఇది నేర్చుకుని రావాలి. 108 కి ఫోన్ చేయడానికి సిగ్నల్ దొరికే చోటికి ఒకరు పరిగెత్తాలి. ఆ ఒకరు ఎవరో కూడా ముందే అనుకోండి.

బాబు విషయానికొస్తే, గుడి దాకా, ఆ పైన రాళ్ళు పెద్దవయ్యే చోటిదాకా హాయిగా తీసుకెళ్ళొచ్చు. వాడికి అక్కడే బోలెడు ఆట. అక్కడి నుంచి ఇద్దరు పెద్దవాళ్ళు వాడితో ఆగిపోవాలి, ముగ్గురు పైకి. ఒక్కరినే వదలొద్దు, ఆ ఒక్కరికి కాలు బెణికితే? పైకి వెళ్ళే ముగ్గురూ ఎన్నింటికి తిరిగొస్తారో కింద ఇద్దరికీ తెలిసి ఉండాలి. అందరూ కలిసే జలపాతం చూడాలని ఉంటే ఇక్కడికి కాకుండా తలకోన వెళ్ళండి. 270 అడుగుల ధార, జలపాతం పాదం దాకా దారి ఉంది. చెన్నై నుంచి దూరమే, ఒక రాత్రి ఉండాల్సి వస్తుంది. పుత్తూరు దగ్గరి కైలాసకోన ఇంకా సులువు, అమ్మమ్మలు కూడా వెళ్తారు. నాగలాపురం గురించి ఎవరైనా చెప్తే మాత్రం అది ఉబ్బలమడుగుకన్నా ఒక మెట్టు పైన అని గుర్తుంచుకోండి, అటవీ శాఖ అనుమతి అడగకుండా బయల్దేరొద్దు.

మిగతావి టకటకా. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఉప్పున్న తిండి, ఒక జత పొడి బట్టలు పాలిథిన్ కవర్లో. ప్లాస్టిక్ మళ్ళీ కిందికి. కోతులున్న చోట తిండి చేతిలో పట్టుకోవద్దు. బండ గోడలకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి, వాటి కింద పొగ, కేకలు, సెంటు వాసన మంచిది కాదు. ఈగలు లేస్తే కూర్చోకుండా పరిగెత్తండి, నీళ్ళలో మునిగి దాక్కోవద్దు. రాయి పట్టుకునే ముందు పైన ఏముందో చూసి చెయ్యి పెట్టండి, పాములు ఎండ కాచుకునేది అక్కడే. కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు, కాలు కదలకుండా మోసుకుని దింపి సర్కారు ఆసుపత్రికి పోవాలి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ అక్కడే.

ఇంకొక్కటి, వీడియోల్లో ఎవరూ చెప్పరు. మా ప్రాంతంలో పొదల్లో, గడ్డిలో ఉండే సన్నని నల్లుల్లాంటి పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది, చలికాలంలో ఎక్కువ. కుట్టినట్టు కూడా తెలియదు. వారం పది రోజుల తర్వాత తలనొప్పితో జ్వరం పట్టుకుంటుంది, అప్పటికి మీరు ట్రెక్ సంగతి మర్చిపోయి ఉంటారు. గడ్డి మీద పడుకోకండి, ఇంటికెళ్ళగానే స్నానం చేసి బట్టలు వేడినీళ్ళలో ఉతకండి. జ్వరం వస్తే చంకలు, గజ్జలు, నడుము చుట్టూ సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చిన్న పక్కు ఏమైనా ఉందేమో చూసుకోండి. తొందరగా కనిపెడితే డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది, ఆలస్యమైతే ఐసీయూ దాకా పోతుంది. పలానా తేదీన అడవిలో తిరిగామన్న ముక్క డాక్టరుకు మీరే చెప్పండి, ఆయన అడగకపోవచ్చు.